మా నాయన, దేశాల మేనేజర్లు

మా ఊళ్ళో మేనేజర్ అంటే అందరికీ తెలిసినవాడు ఒక్కడే, పక్కనున్న యాడికి ఊరి బ్యాంకులో కుర్చీ మీద కూర్చునే ఆయన. రెండోవాడు మా నాయన. నాయనకు కుర్చీ లేదు, జీతం లేదు, కాళ్ళకు చెప్పులు కూడా ఒక్కోసారి ఉండేవి కావు. ఎండిన చెరువులో కుర్రవాళ్ళు బంతి వెంట పరుగులు పెడుతుంటే గీత బయట చేతులు వెనక్కి కట్టుకొని నిలబడటమే ఆయన ఉద్యోగం. అది కూడా ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు, దానంతటది వచ్చి పడింది.

చెరువులో ఫుట్‌బాల్ ఏమిటని బయటి ఊరివాళ్ళు నవ్వేవారు. మాకు అందులో వింతేమీ కనిపించలేదు. నేను పుట్టిన తర్వాత ఆ చెరువు నిండగా చూసిన గుర్తు లేదు. చుట్టూ చూస్తే రాళ్ళు, మిట్టలు, కంపచెట్లు. ఊరి మొత్తంలో చదునైన నేల అంటే చెరువు కడుపే. మొదట్లో గోలుకు కట్టెలు పాతారు, వాటిని చెదలు తిన్నాయి. తర్వాత తాడిపత్రి నుంచి బండి మీద పొడవాటి రాతి బండలు తెప్పించి, నడుంలోతు గుంతలు తీసి, చెరువు నట్టనడుమ పాతారు. చెరువులో రాళ్ళు పాతుకున్నామంటే నీళ్ళ మీద మేము ఎంతగా ఆశ వదులుకున్నామో మీరే చూడండి. ఊళ్ళో పెద్దమనుషులు కూడా దగ్గరుండి ఆ రాళ్ళు నిలబెట్టారు. రేపు వాన వస్తే ఏమిటని ఒక్కడు కూడా అడగలేదు.

గీతలు వేసింది మా గొర్రుతోనే. వేరుశనగ విత్తే గొర్రుకు ఎద్దులను కట్టి, నాయన చెరువులో నాలుగు పక్కలా సాళ్ళు తోలాడు. ఆ సాళ్ళలో సున్నం పోశారు. ఆ ఏడు మాకు విత్తడానికి విత్తనాలు లేవు. గొర్రు మూలన పడి ఉండేదానికి ఇదన్నా చేసిందిలే అని నేననుకున్నాను.

ఇదంతా మా అన్న పోయిన తర్వాతి సంగతి. ముందు అది చెప్పాలి.

కరువులో ఊరంతా బావులు లోతు చేయించింది. మేము కూలివాళ్ళను పెట్టుకోలేక ఇంట్లోవాళ్ళమే తవ్వుకున్నాం. అన్నకు పంతొమ్మిదేళ్ళు. లోపల మట్టి గంపకెత్తేవాడు, నాయన పైనుంచి మోకుతాడుతో లాగి పోసేవాడు. ఒక మధ్యాహ్నం బావి పక్కగోడ విరిగి అన్న మీద పడింది. నేను బడిలో ఉన్నాను. ఎవరో వచ్చి పిలిస్తే పరుగెత్తుకుంటూ పోయాను. నేను పోయేసరికి అన్నను పైకి తీసి, వేపచెట్టు కింద పడుకోబెట్టి, మొహం మీద మట్టి తుడిచారు. అమ్మ సద్దిగంప పక్కన నేల మీద కూర్చొని ఉంది. సాయంత్రం పోలీసులు వచ్చారు. పక్క నెర్రెలు విచ్చిన బావిలోకి పిల్లవాణ్ణి ఎవరు దింపారని అడిగారు. నాయన నిలబడి, "నేనే దిగమన్యా" అన్నాడు. ఊరంతా విన్నది. నేనూ విన్నాను. అమ్మ తల ఎత్తలేదు.

ఆ రోజు నుంచి అమ్మ నాయనతో మాట్లాడలేదు. పోట్లాట లేదు, ఏడుపు లేదు, పుట్టింటికి పోవడమూ లేదు. మాట ఒక్కటే పోయింది. నాయన కూడా మాట్లాడలేదు. ఏం కావాలన్నా మధ్యలో నేను. "పాపా, మీ నాయనకు నీళ్ళు తోడు." "పాపా, మీ అమ్మకు చెప్పు, ఎద్దులకు మేత అయిపోయింది." ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు, మూడు బారల దూరంలో. వినిపించిన మాటనే నేను మళ్ళీ మోయాలి. వాళ్ళిద్దరికీ నేనే పోస్టాఫీసు, ఆదివారం సెలవు కూడా లేని పోస్టాఫీసు. కొన్నాళ్ళకు కోపం వచ్చి, "వినిపించింది కదా, మళ్ళీ నేను చెప్పాలా" అనేదాన్ని. ఇద్దరూ ఉలకరు పలకరు.

కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే మొద్దుబారుతుంది చూడండి, గిల్లినా తెలియదు. మా ఇల్లు అట్లా మొద్దుబారింది. నేను అన్న కోసం సరిగ్గా ఏడవలేదు. ఏడవాలని తెలుసు, రాలేదు. అమ్మ రాగులు విసురుతుంటే పక్కన కూర్చొని పిండి ఎత్తేదాన్ని. తిరగలి చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో శబ్దం ఉండేది కాదు. నాకు అప్పుడు ఉన్న కోరిక ఒక్కటే, పెద్దయ్యాక కూడా అదే: వాళ్ళిద్దరూ ఒక్కసారి, నన్ను మధ్యన పెట్టకుండా, మాట్లాడుకోవాలి. తిట్టుకున్నా సరే.

కొన్ని నెలల తర్వాత అన్న స్నేహితులు ఇంటికి వచ్చారు. గడప బయటే నిలబడి చాలాసేపు తలలు గోక్కున్నారు. చివరికి ఒకడు, "మామా, బాల్ మీ ఇంట్లోనే ఉండాది" అన్నాడు. ఆ బంతి మా అన్నదే. గాదె కింద ఉంది, గాలి పోయి చప్పబడింది. నాయన వంగి దాన్ని తీశాడు. వాళ్ళ చేతికివ్వలేదు. చంకలో పెట్టుకొని తానే చెరువు వైపు నడిచాడు. వాళ్ళు వెనకాల పోయారు. గాలి కొట్టించి ఆడారు, నాయన గీత బయట నిలబడి చూశాడు. మరుసటి రోజు కూడా పోయాడు, ఆ తర్వాత రోజూ పోయాడు. ఎప్పుడో ఒకరోజు నోరు తెరిచి, "ఒరేయ్, ఎడమ పక్క ఎవడూ ల్యాడు చూడు" అన్నాడట. ఆ మాట మా ఇంటికి పక్కింటి అక్క మోసుకొచ్చింది. "మీ ఆయన ఈ పొద్దు మాట్లాడినాడంట" అని అమ్మతో చెప్పింది. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఉంది. కాసేపు చేతులు ఆగాయి. మళ్ళీ ఏరుకుంది.

కుర్రవాళ్ళే ఆయనకు మేనేజర్ అని పేరు పెట్టారు. మొదట్లో అది వేళాకోళమే.

ఆ వేసవి గడిచాక, డెబ్బై ఎనిమిదిలో, అర్జెంటీనాలో ప్రపంచకప్పు జరిగింది. మా ఊరి బస్సు ఆగేచోట ఒక టీ హోటల్ ఉండేది. మధ్యాహ్నం బస్సులో పేపరు వచ్చేది, అదీ నిన్నటిది. హోటలాయన తాను చదివి, బోండాలు కట్టడానికి చించేలోపు నాకు ఇచ్చేవాడు. నాయనకు అక్షరాలు వచ్చు గానీ ఆ ఆటపేజీలో పేర్లు ఆయన నాలుకకు ఎక్కవు. హోటల్ ముందు బండ మీద కూర్చొని నేను చదివేదాన్ని. గోలు ఎవరు కొట్టారో ఆయనకు అక్కరలేదు. ఒకరోజు ఫోటో మీద వేలుపెట్టి అడిగాడు.

"ఈ ఆట ఆడని ఆయప్ప ఎవరు పాపా? సిగరెట్టు పట్టుకొని నిలబడినాడే."

"అర్జెంటీనా మేనేజరంట నాయనా."

"ఆడకుంటే ఈయప్పకు ఆడ ఏం పని?"

"ఎవరిని లోపలికి పంపాలో ఆయనే చెప్తాడంట."

నాయన ఆ పేపరును తీసుకొని ఆ ఫోటోనే చాలాసేపు చూశాడు. మెడ దాకా జుట్టు, సన్నటి మనిషి, కళ్ళ కింద గుంటలు. పేరు నేను రెండుసార్లు చెప్పినా ఆయనకు నిలవలేదు. సిగరెట్టాయన అని ఆయనే పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత అన్ని దేశాల మేనేజర్లకూ మా ఇంట్లో ఇట్లాంటి పేర్లే. ఇప్పటికీ నాకు వాళ్ళ అసలు పేర్లు చూస్తే ఎవరో పరాయివాళ్ళలా ఉంటుంది.

సిగరెట్టాయన ఒక పదిహేడేళ్ళ పిల్లవాణ్ణి జట్టులోకి తీసుకోకుండా ఇంట్లో వదిలేశాడని పేపర్లో రాశారు. ఆ పిల్లవాడు గొప్పగా ఆడతాడట, దేశంలో చాలామందికి కోపం వచ్చిందట. నాకూ వచ్చింది.

"మంచిపని చేసినాడు" అన్నాడు నాయన.

"వాడు అందరికన్నా బాగా ఆడతాడంట నాయనా."

"ఉండనీ. ఇంట్లో ఉంటే వానికి ఏం పోతాది."

నేను ఇంకా వాదించబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆ పిల్లవాడు ఎవరో, తర్వాత ఏమయ్యాడో లోకానికంతా తెలుసు. మా నాయనకు మాత్రం వాడు ఇంట్లో క్షేమంగా ఉన్న పిల్లవాడు.

సిగరెట్టాయన జట్టు గెలిచింది. ఓడింది హాలెండు. అంతకుముందు కప్పులోనూ వాళ్ళు చివరిదాకా వచ్చి ఓడినవాళ్ళే, అప్పుడు మేనేజర్ వేరు. నాయనకు గెలిచినవాడి మీద ఉన్న కుతూహలం ఆ రోజుతో అయిపోయింది. ఓడిన ఆయనను పట్టుకున్నాడు.

"ఓడిపోయినాయప్ప ఇంటికి పోయినంక ఏం చేస్తాడు?"

"పేపర్లో రాయలేదు నాయనా."

"రేపు రాస్తారేమో చూడు."

మరుసటి రోజూ, ఆ మరుసటి రోజూ చూశాను. ఎక్కడా లేదు. ఓడిన మేనేజర్ విమానం ఎక్కేదాకా రాస్తారు గానీ, వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి పోయాక ఇంట్లో ఎవరు ఏమన్నారో ఏ పేపరూ రాయదు. నాయన కొన్నాళ్ళు అడిగి ఊరుకున్నాడు.

యాడికి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు ఒకాయన ఉండేవాడు. మా ఊరి ఆటలకు ఆయనే వచ్చి ఈల ఊదేవాడు. నాయన ఆయననూ వదల్లేదు. "మన దేశానికి ఎవరన్నా ఇట్లాటాయప్ప ఉండెనా సార్?" అని అడిగాడు. మన హైదరాబాదు బడిపంతులే ఒకప్పుడు మన దేశం జట్టును నడిపాడని, ఒంట్లో జబ్బు పెట్టుకొనే జకార్తా దాకా పోయి బంగారం తెచ్చాడని, తర్వాత ఎంతోకాలం బతకలేదని మాస్టరు చెప్పాడు. నాయన విని, "జబ్బని పిల్లోళ్ళకు చెప్పలేదంటనా?" అని మాత్రం అడిగాడు. ఆ సంగతి మాస్టరుకు తెలియదు.

ఎనభై రెండు నాటికి మా జట్టు చుట్టుపక్కల కాస్త పేరు తెచ్చుకుంది. రాయదుర్గం దాకా పోయి ఆడి వచ్చారు. నాయన చెప్పేది తక్కువ. ఎవరు ఎక్కడ నిలబడాలో సాయంత్రం పూట మట్టిలో కట్టెతో గీసి చూపేవాడు. చెరువు నెర్రెల్లో కాళ్ళు మడతపడకుండా ఒండ్రుమట్టి తెచ్చి పూడ్పించేవాడు. పొలాలకు మట్టి తోలుకుపోయే బండ్లు ఆట జరిగే చోట గుంతలు పెడితే అడ్డం పోయి పోట్లాడేవాడు. తన పొలానికి కూడా అక్కడ గంపెడు మట్టి తీసుకోలేదు. ఒక్కటి మాత్రం చేసేవాడు కాదు. ఎవరినీ "పో" అనేవాడు కాదు. జట్టులో ఎవరు దిగాలో కుర్రవాళ్ళే తేల్చుకునేవారు. ఎవడైనా అలసి బయటికి వస్తే ఇంకోడు తనంతట తాను లోపలికి పోయేవాడు, నాయన అటు తిరిగి నిలబడేవాడు. అది ఆయన మెతకతనం అని అందరూ అనుకున్నారు. నేనూ అంతే అనుకున్నాను.

ఆ ఏటి ప్రపంచకప్పులో ఇటలీ మేనేజర్ నోట్లో పొగపైపు పెట్టుకొనే మనిషి, మాకు పైపాయన. మొదటి మూడు ఆటల్లో ఒక్కటీ గెలవలేదు, ఓడనూ లేదు. వాళ్ళ దేశంలో పేపర్లవాళ్ళు నానా తిట్లు తిట్టారు. దాంతో జట్టు మొత్తం వాళ్ళతో మాట్లాడటం మానేసింది. అది చదివితే నాయన మొహంలో ఒక చిన్న కదలిక.

"నోరు మూసుకున్యారా? మంచిది."

"మాటలు మానేస్తే గెలుస్తారా ఏం?" అన్నాను నేను, కొంచెం వెటకారంగానే. మా ఇంట్లో మాటలు మానేసి అప్పటికే చాలాకాలమైంది, మేము గెలిచింది ఏమీ లేదు.

వాళ్ళు మాత్రం గెలిచారు. అయితే ఆ కప్పులో నాయన పట్టుకున్నది పైపాయనను కాదు, ఆయన చేతిలో ఓడిన బ్రెజిలాయనను. ఆ ఆట సమానంగా ముగిసినా బ్రెజిల్‌కు చాలు, ముందుకు పోతారు. అయినా వాళ్ళు ఆగలేదు, గోలు కొట్టడానికే పైపైకి పోయి ఓడారు.

"సమానమైనా చాలంటివి కదా?"

"చాలు నాయనా."

"మల్ల ఎందుకు ముందుకు పంపినాడు?"

"వాళ్ళ ఆట అట్లాంటిదంట. వెనక్కి ఉండి కాచుకోవడం వాళ్ళకు రాదంట."

ఓడిన తర్వాత ఆయన పేపర్లవాళ్ళ ముందుకు వస్తే వాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఆ వాక్యం నాయన నాతో మళ్ళీ చదివించాడు. "ఓడినాయనకా?" అన్నాడు. "ఓడినాయనకే" అన్నాను. ఇంటిదాకా నాతో నడిచాడు. గడప దగ్గర ఆగి, లోపల అమ్మ పొయ్యి ఊదుతున్న చప్పుడు విని, మళ్ళీ చెరువు వైపు పోయాడు.

తర్వాతి నాలుగేళ్ళలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. వాన రాలేదు. నేను చదువు ముగించి ఊళ్ళోనే బాలవాడి టీచరునయ్యాను. పోస్టాఫీసు పని మాత్రం తప్పలేదు. అమ్మ నాయనకు సంగటి ముద్ద తట్టలో పెట్టి నా వైపు జరిపేది, నేను ఆయన వైపు జరిపేదాన్ని. సద్ది కట్టినా, జ్వరం వచ్చినా అంతే. కొత్తగా చూసేవాళ్ళకు మాది చక్కగా నడిచే సంసారం.

ఎనభై ఆరులో కప్పు మెక్సికోలో. పేపర్లో మొదటి రోజే చూశాను, బ్రెజిల్‌కు మళ్ళీ ఆయనే మేనేజర్. మధ్యలో వేరేవాళ్ళను పెట్టి చూసి, కుదరక, ఓడిన ఆయననే పిలిచారు.

"మళ్ళీ పిలిచినారా?" అన్నాడు నాయన.

"మళ్ళీ పిలిచినారు."

"ఆ పిల్లోళ్ళనే ఇచ్చినారా?"

"కొందరు వాళ్ళే, కొందరు కొత్తవాళ్ళు."

ఎన్నేళ్ళ తర్వాతో నాయన నవ్వినట్టు అనిపించింది. ఆ నెలంతా నాకంటే ముందే హోటల్ దగ్గరికి పోయి బస్సు కోసం కూర్చునేవాడు. బ్రెజిల్ ఫ్రాన్సు చేతిలో ఓడిన వార్త వచ్చినప్పుడు నాకు చదవాలని లేదు. ఆట సమానమై, చివరికి ఒక్కొక్కరే వచ్చి బంతి తన్నే పద్ధతిలో పోయింది. మెల్లగా చదివాను. నాయన మొత్తం విన్నాడు.

"పోనీలే. మళ్ళీ పిల్లోళ్ళను చేతికిచ్చినారు కదా. అదే పెద్దది" అన్నాడు.

ఆ కప్పు గెలిచిన అర్జెంటీనా మేనేజర్ చదువు రీత్యా డాక్టరు, అదీ ఆడవాళ్ళ డాక్టరు. అది ఇంట్లో చెబితే అమ్మకు ఉండబట్టలేదు. "కాన్పులు చేసేటాయనకు బాల్‌తో ఏం పనంటనో అడుగు మీ నాయన్ను" అంది. నాయన పక్కనే ఉన్నాడు. నేను అడిగాను. "బిడ్డలు బతికి బయటికి రావడం చూసినోడు, వానికి భయముండదని చెప్పు" అన్నాడు. నేను చెప్పాను. అమ్మ లేచి లోపలికి పోయింది. అంతకన్నా దగ్గరగా వాళ్ళ మాటలు వచ్చింది ఆ ఏళ్ళలో నేను చూడలేదు.

ఆ ఏడు కూడా తొలకరి రాలేదు. పనుల్లేక ఊళ్ళన్నీ ఖాళీగా ఉంటే, చుట్టుపక్కల జట్లకు ఒక పోటీ పెట్టారు. చివరి ఆట మాకూ గార్లదిన్నె వైపు జట్టుకూ, మా చెరువులోనే. కట్ట మీద జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. ఆడవాళ్ళం ఒక పక్కన కూర్చున్నాం. అమ్మ రాలేదు. అన్న పోయాక ఆమె చెరువు వైపు అడుగు పెట్టలేదు.

ఆట సగం దాటాక, ఇద్దరూ చెరొక గోలుతో సమానంగా ఉండగా, మావాడి కాలు నెర్రెలో ఇరుక్కొని మడత పడింది. మోసుకొచ్చి బయట పడుకోబెట్టారు. బదులు దిగవలసిన కుర్రవాడు నాయన పక్కనే ఉన్నాడు, పంతొమ్మిదేళ్ళవాడు, అన్న స్నేహితుడి తమ్ముడు. పెద్ద పోటీ కాబట్టి డ్రిల్లు మాస్టరు నిబంధన ప్రకారం నడపాలని పట్టుపట్టాడు. కుర్రవాడు లోపలికి అడుగు వేయబోతే ఆపి, "మేనేజర్ చెప్పాల. ఎవర్ని దింపుతాండావప్పా?" అని నాయనను అడిగాడు.

"మామా, పోనా?" అన్నాడు కుర్రవాడు.

నాయన నోరు తెరిచాడు. కట్ట మీదినుంచి నాకు కనిపిస్తూనే ఉంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మాట రాలేదు. మాస్టరు మళ్ళీ అడిగాడు. కుర్రవాడు మళ్ళీ అడిగాడు. జనం అరిచారు. "ఏమప్పా, చెప్పు! దిగమను!" నాయన చెయ్యి ఎత్తబోయి కిందికి దించేశాడు. అప్పుడు నాకు తెలిసింది, ఇన్నేళ్ళూ ఆయన ఎవరినీ "పో" అనకపోవడం మెతకతనం కాదని. దేశాల మేనేజర్లందరినీ నాతో చదివించుకున్నది వాళ్ళు ఆ మాట ఎట్లా అనగలుగుతున్నారో తెలుసుకోవడానికని. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. మాస్టరు ఈల ఊదాడు. మావాళ్ళు ఒకడు తక్కువగానే చివరిదాకా ఆడి, ఒక గోలు తేడాతో ఓడారు.

మరునాడు పొద్దున కొళాయి దగ్గర అమ్మా, నేనూ వరుసలో ఉన్నాం. ఒకామె బిందె తోముతూ, అమ్మ వినేట్టుగానే అనింది. "కొడుకును బాయిలోకి దిగమనేకి నోరొచ్చె. ఆటలోకి పిల్లోన్ని దిగమనేకి రాలేదా నోరు." ఎవరో ఉష్ అన్నారు. నేను ఆమె మీదికి పోబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. బిందె సగం కూడా నిండకముందే ఎత్తుకొని ఇంటికి నడిచింది.

నాయన చెరువుకు పోవడం మానేశాడు. అరుగు మీద కూర్చునేవాడు. కుర్రవాళ్ళు వచ్చి, "ఓడితే ఓడితిమి మామా, దాందేముండాది, రా" అని పిలిచారు. కాలు మడతపడినవాడు కుంటుకుంటూ వచ్చి పిలిచాడు. నాయన తల అడ్డంగా ఊపాడు. నాకు ఆశ పుట్టి, "బ్రెజిలాయనను పిలిచినట్టు నిన్ను కూడా మళ్ళీ పిలుస్తాండారు కదా నాయనా" అన్నాను.

"ఆయప్పకు నోరుండాది పాపా" అన్నాడు.

అన్నకు పోయినట్టు నాయనకు కూడా ప్రాణం పోతుందేమో, మాట్లాడకుండానే పోతాడేమో అని నాకు భయం పట్టుకుంది. ఆ ఇంట్లో చాలా ఏళ్ళ తర్వాత నాకు స్పష్టంగా తెలిసిన భావం అదొక్కటే.

అప్పుడు వాన వచ్చింది. విత్తే అదను పోయాక, పైరుకు పనికిరాని కాలంలో వచ్చి, తెరిపి లేకుండా కురిసింది. పైనున్న వాగులన్నీ దిగివచ్చి చెరువులో పడ్డాయి. సున్నం గీతలు పోయాయి, నెర్రెలు మూసుకున్నాయి, రాతి గోలుపోస్టులు నడుము దాకా, తర్వాత మెడ దాకా మునిగాయి. ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది. ముసలివాళ్ళు నీళ్ళను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు. "గ్రౌండు పాయె" అని ఒకడు నోరు జారి వాళ్ళమ్మతో చెంపదెబ్బ తిన్నాడు. ఇక వరి వేయవచ్చు. ఇక మేనేజర్‌తో ఎవరికీ పని లేదు.

చెరువు నిండి మరవ పారిన రోజు, మిగులు నీళ్ళు పోయే ఆ దోవ దగ్గర ఆడవాళ్ళు గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వడం మా వైపు ఆచారం. ఇంటికొకరు పోవాలి. నేను బయలుదేరుతుంటే అమ్మ తట్ట నా చేతిలోంచి తీసుకుంది. "నేను పోతా. నువ్వు సంగటి గెలుకు" అంది.

అమ్మ తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. లోపలికి రాలేదు. అరుగు మీద నాయన కూర్చున్న చోటికి ఎదురుగా, కింద మెట్టు మీద కూర్చుంది. నేను పొయ్యి దగ్గరినుంచి చూస్తున్నాను. నన్ను పిలుస్తుందని ఎదురుచూశాను. పిలవలేదు.

"ఆ పొద్దు వాన్ని దిగమన్యది నేను" అంది.

నాయన వీధి వైపు చూస్తున్నాడు.

"నువ్వు పైకి రమ్మంటివి. పక్క ఇరుగుతాండాది, చాలంటివి. నువ్వు ఎద్దులకు గడ్డి ఎయ్యబోతే నేనే అంటి వానితో, ఇంగొక్క గంప తీయరాదా నాయనా, ఊట తగుల్తాదేమో, నీళ్ళు మోసి మోసి నాకు నడుము పోతాండాది అని. సద్ది తినీ తినక దిగినాడు." అమ్మ గొంతులో ఏ మార్పూ లేదు, సరుకులు చెప్పినట్టు చెప్పింది. "నోరు తెరిస్తే ఈ మాటే వస్తాదని నీ ముందర నోరు తెరవలేదు."

తెడ్డు నా చేతిలో ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె నాయన మీద కోపంతో ఉందనే అనుకున్నాను. ఊరంతా అదే అనుకుంది.

"తెల్సు" అన్నాడు నాయన.

"ఏం తెల్సు?"

"నేనొచ్చేటప్పటికి వాడు లోపలుండాడు. ఎందుకు దిగితివిరా అంటే, అమ్మ అడిగింది నాయనా, ఒక్క గంపే అన్యాడు."

అమ్మ తడిసిన చీర అంచు పిండింది. తర్వాత, "తెలిసీ పోలీసోళ్ళకు నువ్వు దిగమన్యానని చెప్తివా?" అంది.

"మోకు నా చేతిలో ఉండె కదా" అన్నాడు నాయన.

సంగటి అడుగంటి వాసన వచ్చింది. నేను కుండ దించి, ముద్ద చేసి తట్టలో పెట్టాను. తీసుకొని పోబోతుంటే అమ్మ లేచి లోపలికి వచ్చి, తట్ట నా చేతిలోంచి తీసుకొని, తానే పోయి నాయన ముందర పెట్టి, "తిను" అంది.